మాస్టారి కిటికీలో గాజుబిళ్ళ

మాస్టారు పోయారన్న కబురు నాకు పొయ్యి దగ్గర అందింది. మొన్న చలికాలం చివర్లో, ఒక గురువారం ఉదయం. స్నానాల నీళ్ళకు కట్టెల పొయ్యి వెలిగించబోతూ, ముందురోజు బూడిదను రేకుతో కుండలోకి ఎత్తుతున్నాను. పాలు పోసే చిలకమ్మ వాకిట్లోనే నిలబడి పిలిచింది.

"అక్కా, మాస్టారు పోయారు. తలుపు కొట్టీ కొట్టీ అలిసిపోనాను. మా ఆయన కిటికీలోంచి చూసినాడు. కుర్చీలోనే ఉన్నారు. ఊచల్లోంచి కర్రెట్టి కదిపినాడు. కదల్నేదు."

"కర్రతోనా?" అన్నాను.

చిలకమ్మ తల దించుకుంది. "మరేటి సేత్తాం అక్కా. లోపల ఆ గాజు ఉంది కదేటి."

నా చేతిలో రేకు అలాగే ఉండిపోయింది. మనిషి పోయిన బాధ కంటే ముందు ఆ కర్ర నాకు తగిలింది. నలభై ఏళ్ళకు పైగా ఈ వీధిలో ప్రతి గడపా తొక్కిన మనిషి. ఆయన ప్రాణం ఉందో లేదో చూడటానికి కర్ర కావలసి వచ్చింది.

ఆ గాజు గురించి చెబుతాను. ఆ వాకిట్లోకి ఎవరూ అడుగు పెట్టకపోవడానికి కారణం నేను. అది కూడా చెబుతాను. కాని ముందు ఆయన గురించి చెప్పాలి.

మీలో కొందరికి ఆయన చదువు చెప్పి ఉంటారు. హుకుంపేట దారిలో ఉన్న మా ఊరి ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఆయన ఫిజిక్సు మాస్టారు. సాలూరు దగ్గరి ఒక పల్లపు ఊళ్ళో రైతుల బిడ్డ. ఒక ట్రంకుపెట్టె, ఒక గొడుగు పట్టుకుని ఘాటెక్కి వచ్చారు. రెండేళ్ళు చేసి, బదిలీ పెట్టుకుని దిగిపోతారనే అందరూ అనుకున్నారు. కొండమీద ఉద్యోగమంటే పల్లం వాళ్ళకు అంతే కదా. ఆయన దిగలేదు. రిటైరయ్యాక కూడా మా ఎదురింట్లోనే ఉండిపోయారు. పిల్లలు లేరు. భార్య ఎప్పుడో పోయింది. సాలూరులో ఒక మేనల్లుడు మాత్రం ఉన్నాడు.

నేను మిషన్ బడిలో చిన్న పిల్లలకు అక్షరాలు నేర్పుతాను. నాన్నకు మేం నలుగురు పిల్లలం. నేను పెద్దదాన్ని. ఆఖరుదాన్ని ఇంట్లో అందరం చిన్నది అనే పిలుస్తాం. ఇప్పుడు దానికి నలభై దాటినా అదే పిలుపు. మాస్టారు కూడా అలాగే పిలిచేవారు.

ఆయన్ని నేను మొదటిసారి దగ్గరగా చూసింది మంటల్లో.

నాకు అప్పుడు పద్నాలుగేళ్ళు. అమ్మ పోయి ఏడాది. నాన్న కాఫీ తోటకు కాపలా వెళ్ళేవాడు. వంట, చంటిపిల్ల, పశువులు, అన్నీ నావే. ఒకరోజు పొద్దున్న పొయ్యిలో బూడిద ఎత్తి, పశువుల పాక పక్కన పోశాను. పోసే ముందు పైన చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది. మధ్యాహ్నం గాలి లేచింది. నేను పెరట్లో అంట్లు తోముతుంటే చిన్నది కెవ్వుమంది. రెండేళ్ళ పిల్ల, ఒట్టి కాళ్ళతో బూడిదలోకి నడిచింది. అడుగున నిప్పు అలాగే ఉంది. నేను పిల్లను ఎత్తుకునేలోగా గాలికి నిప్పురవ్వలు లేచి పాక గడ్డి అంటుకుంది.

ఎదురింట్లో కొత్తగా దిగిన మాస్టారు తడి గోనెలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. పాక సగం కాలింది. పశువులు దక్కాయి. పిల్లను భుజాన వేసుకుని ఆరోగ్య కేంద్రం దాకా పరుగెత్తింది కూడా ఆయనే. సాయంత్రం నాన్న వచ్చి నా మీద చెయ్యి ఎత్తితే, మధ్యలో నిలబడ్డారు.

"గుంటని కొట్టకండి. తను చూసింది. పైన చూసింది. అడుగున చూడాలని మనం ఎవరం చెప్పలేదు."

మర్నాడు మూత ఉన్న మట్టికుండ ఒకటి తెచ్చి మా పొయ్యి పక్కన పెట్టారు.

"బూడిద ఇందులో వెయ్యమ్మా. మూడు రోజులు మూత తియ్యకు. మూడో రోజు చెయ్యి పెట్టి చూడు. పైన కాదు, అడుగుదాకా. చల్లగా ఉంటేనే మొక్కల పాదులో పోయమ్మా."

ఆ కుండ పగిలింది. తరవాతది కూడా పగిలింది. ఇప్పుడున్నది మూడోది. అలవాటు మాత్రం పగల్లేదు. బూడిదను మూడు రోజులు ఉంచకుండా నేను ఏనాడూ పారబోయలేదు. "బూడిదక్కూడా పురుడేటి అక్కా?" అని చిలకమ్మ నవ్వుతుంది. నవ్వనీ. చిన్నదాని కుడి పాదం మీద మచ్చ ఇప్పటికీ ఉంది, చింతాకంత మెరుస్తూ. ఆ మచ్చ కనబడితే నేను చూపు తిప్పుకుంటాను.

మాస్టారికి పారెయ్యడం తెలియదు. సుద్దముక్క గోరంతయ్యేదాకా రాసేవారు. అంతకంటే చిన్నవైతే ఒక డబ్బాలో దాచి, నూరి, తడిపి, ఎండబెట్టి మళ్ళీ సుద్ద చేసేవారు. వచ్చిన కవర్లన్నీ విప్పి లోపలి వైపు లెక్కలు వేసేవారు. అన్నిటికంటే పేరుపడింది ఆయన కాఫీ. మా తోటల పొడే. ఒకసారి దించిన పొడి మీద మళ్ళీ వేణ్ణీళ్ళు పోసి రెండోసారి దించేవారు. వచ్చినవాళ్ళకు మొదటిది, తనకు రెండోది. చిలకమ్మకు ఒకరోజు పొరపాటున రెండోది ఇచ్చారు.

"ఇది కాఫీయేటి మాస్టారూ! కాఫీ ఎల్లిపోయిన దారి."

"పొడిలో ఇంకా ఉంది చిలకమ్మా. నీకు తొందర. దానికి లేదు."

"నాకు ఐదిళ్ళకి పాలు పొయ్యాల. దీని కోసరం కూకుంటానేటి?" అని గ్లాసు బోర్లించి వెళ్ళిపోయింది. ఆయన ఆ రోజంతా నవ్వుకున్నారు.

తరగతిలో కూడా అదే మాట. చిన్నది ఎనిమిదిలో ఉండగా చెప్పింది. కమ్మరి దగ్గర్నుంచి బొగ్గులు తెచ్చి బల్లమీద పోసి, "ఇదేంటి?" అని అడిగారట. "కాలిపోయిన కట్టె" అన్నారట పిల్లలు. "కాలిపోయిందే అయితే కమ్మరి దీన్ని ఎందుకు కొంటాడు? కట్టెతో ఇనుము ఎర్రబడదు. దీనితో ఎర్రబడుతుంది. ఒకసారి కాలినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. ఏ పొయ్యిలో పెట్టాలో తెలియాలి, అంతే." ఆ మాట చిన్నదాని బుర్రలో పడింది. అక్కడే మొలకెత్తింది. ఆ మొలకే దాన్ని మా కొండల్లోంచి తమిళదేశపు సముద్రం ఒడ్డుదాకా తీసుకుపోయింది.

అక్కడ అణువిద్యుత్తు తయారయ్యే చోట, వాడేసిన ఇంధనాన్ని శుద్ధి చేసి మళ్ళీ వాడకానికి తెచ్చే ప్లాంటులో దానికి ఉద్యోగం. ఏం పని అని అడిగితే మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు, ఇదే పొయ్యి ముందు కూర్చుని చెప్పింది.

"బొగ్గుల పనే అక్కా. రియాక్టరులోంచి తీసినదాన్ని ఏళ్ళ తరబడి నీళ్ళలో చల్లారనిస్తారు. తరవాత ముక్కలు చేసి, ఆసిడ్‌లో కరిగించి, అందులో ఇంకా మండే సరుకు వేరు చేస్తాం. అది కొత్త రకం రియాక్టరుకి మేత. పొగ నేదు, మసి నేదు. కరెంటొస్తాది."

"మిగిలింది?"

"మిగిలేది కొంచెమే."

"ఆ కొంచెం ఏటి చేస్తారే?"

"అదే చెడ్డది. కరిగిన గాజులో కలిపి, గడ్డ కట్టించి, ఇనప డబ్బాల్లో పెట్టి దాస్తాం."

"ఎన్నాళ్ళు?"

అది పొయ్యిలో కట్టె ముందుకు తోసింది. "శానా కాలం అక్కా. మన తరాలన్నీ అయిపోయాక కూడా."

మూడు రోజులు ఉంచవలసిన బూడిద నాకు తెలుసు. తరాల తరబడి చల్లారని బూడిద దగ్గర నా చెల్లెలు నిలబడుతుంది. అమ్మ పోయాక నా చేతుల్లో పెరిగిన పిల్ల. ఒకసారి నా తప్పు వల్ల కాలిన పిల్ల.

ఆ సాయంత్రం నేను ఎదురింటికి వెళ్ళి మాస్టారి ముందు నిలబడ్డాను. దాన్ని వెనక్కి పిలిపించమని అడుగుదామని వెళ్ళాను. ఆయన మాట అది వింటుంది.

"భయంగా ఉంది మాస్టారూ" అన్నాను. అంతే అనగలిగాను.

భయపడకమ్మా అంటారనుకున్నాను. అందరూ అదే అంటారు. పాస్టరు గారూ అదే అన్నారు. మాస్టారు చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"భయపడు. అక్కడ పనిచేసేవాళ్ళూ భయపడాలి. భయపడేవాళ్ళే మూత పెడతారు. భయం లేనివాడి దగ్గరే నిప్పు లేస్తుంది. చిన్నదానికి భయం ఎలా ఉండాలో ఎవరు నేర్పారనుకున్నావ్? నీ కుండ నేర్పింది."

నాకు ధైర్యం రాలేదు. కాని నా భయాన్ని ఆ రోజు ఆయన తప్పు పట్టలేదు. దానికి ఒక పని చూపించారు. అందుకు నేను ఆయనకు ఋణపడి ఉన్నాను.

ఆ తరవాత రోజూ తెల్లవారగానే నా ప్రార్థన ఒకటే. దాని చేతులు, దాని కళ్ళు, దాని ఎముకలు, దాని రక్తం. ఒక్కొక్కటీ పేరు చెప్పి అడిగేదాన్ని, దేవుడు మరిచిపోతాడేమోనన్నట్టు. ఆదివారం చర్చి అయ్యాక అది ఫోను చేసేది. మొదటి మాట ఎప్పుడూ ఒకటే, "అక్కా, బాగున్నాను." తరవాతే మిగతా కబుర్లు. వాళ్ళ మెడలో ఒక బిళ్ళ ఉంటుందట, ఒంటికి రేడియేషన్ ఎంత తగిలిందో అది లెక్క కడుతుందట. తాము దేన్నీ చేత్తో ముట్టరట. మూర మందం గాజు కిటికీకి ఇవతల నిలబడి, అవతలి ఇనప చేతుల్ని ఆడిస్తారట. ఎన్ని చెప్పినా నేను వినేది ఆ మొదటి మాటే.

ఒక ఆదివారం ఫోను రాలేదు. పన్నెండయింది, రెండయింది. నేను చేస్తే మోగడం లేదు. నాలుగింటికి చెప్పులు కూడా లేకుండా మాస్టారింటికి వెళ్ళాను. ఆయన ఏమీ అడగలేదు. కుర్చీ వేశారు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాను. ఆయన చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టుకుని కూర్చున్నారు. మా ఇద్దరి మధ్యా ఆ టిక్‌టిక్ తప్ప మరేమీ లేదు.

ఆరవుతుండగా ఫోను మోగింది. "అక్కా, బాగున్నాను. ఒకరు రాకపోతే వాళ్ళ డ్యూటీ కూడా నేనే చేసినాను. లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు."

నేను ఏడ్చాను. మాస్టారు గడియారం మళ్ళీ చేతికి పెట్టుకోబోతే పట్టీ రంధ్రంలోకి దూరలేదు. మళ్ళీ పెట్టబోయారు, మళ్ళీ తప్పింది.

"మీకూనా మాస్టారూ?"

"నేను పంపించిన పిల్ల కదమ్మా" అన్నారు. "నీ ప్రార్థన నీది, నా గడియారం నాది. ఒక్క పిల్ల కోసమే కదా రెండూ."

ఇక గాజు.

నిరుటి సెలవుకు వచ్చినప్పుడు చిన్నది ఆయన కోసం ఒక బిళ్ళ తెచ్చింది. అరచేయంత, బెల్లం అచ్చు మందాన, తేనె రంగులో. వాళ్ళు చెడ్డ సరుకును బంధించే గాజు లాంటిదే. కాని ఇది వట్టిది. శిక్షణలో ఏమీ కలపకుండా పోసి చూసినది. మీటరు పెట్టి చూసి, కాగితం రాసి మరీ బయటికి ఇచ్చారని చెప్పింది. మాస్టారు దాన్ని రెండు చేతులా పట్టుకుని, చంటిపిల్లను చూసినట్టు చూశారు. కిటికీలో పెట్టారు. ఆయన కిటికీ తూర్పు ముఖం, మా ఇంటికి ఎదురుగా. మంచు విడి ఎండ పడగానే ఆ గాజు వెలిగేది. దాని మీద పడిన ఎండ తిరిగి మా వాకిట్లోకి పసుప్పచ్చ మరకలా వచ్చి పడేది.

నేను ఆ మరకను తొక్కేదాన్ని కాదు. ముగ్గు చుట్టూ తిరిగినట్టు తిరిగి వెళ్ళేదాన్ని. తరవాత మా కిటికీకి తెర కట్టాను. చిన్నది అబద్ధం చెప్పదు. కాని పొరపాటు పడవచ్చు కదా? ఆ రోజు నేనూ బూడిద చల్లగా ఉందనే కదా అనుకున్నాను?

ఆ భయం నాలోనే ఉంచుకుంటే బాగుండేది. బుధవారం స్త్రీల ప్రార్థన కూటంలో అందరం ప్రార్థన అంశాలు చెబుతాం. ఎవరి పిల్లకు పెళ్ళి, ఎవరి మోకాలు నొప్పి. నా వంతు వచ్చింది. "మా ఎదురింటి మాస్టారి కిటికీలో ప్లాంటు నుంచి వచ్చిన గాజు ఉంది. ఆయనకు, మన వీధికి ఏ హానీ కలగకుండా ప్రార్థన చెయ్యండి" అన్నాను. అందరూ కళ్ళు మూసుకుని మనస్ఫూర్తిగా ప్రార్థన చేశారు. కళ్ళు తెరిచి ఇళ్ళకు వెళ్ళి చెప్పారు.

నేను మామూలుగా మాట్లాడే మనిషిని కాదు. అందుకే నా మాటకు బరువు ఎక్కువైంది. పెద్దక్క ఊరికే అనదు కదా అన్నారు. వారం తిరక్కుండా సాయంత్రం లెక్కలకు వచ్చే పిల్లలు ఆగిపోయారు. చిలకమ్మ పాలచెంబు గేటు మీద పెట్టి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. ఆ చలికి మాస్టారికి దగ్గు పట్టింది. డెబ్బై దాటిన మనిషికి కొండ చలిలో దగ్గు రావడం వింతా? కాని వీధిలో ఆ దగ్గుకు పేరు పెట్టేశారు.

ఒకరోజు ఆయనే మా గడప దగ్గరికి వచ్చారు.

"పిల్లలు రావటం లేదేటమ్మా?"

నేను కుండ మూత సర్దాను.

"గాజు తీసేయమంటావా?"

అప్పుడు చెప్పవలసింది. ఆ మాట పుట్టించింది నేనే మాస్టారూ అనాలి. అనలేకపోయాను. "మీ ఇష్టం" అన్నాను.

ఆయన కాసేపు నన్ను చూశారు. ఆయనకు తెలుసనే నాకు ఇప్పుడు అనిపిస్తోంది. "తీసేస్తే భయం అలాగే ఉండిపోతుంది. నువ్వొచ్చి చెయ్యి పెట్టి చూసేదాకా అక్కడే ఉంచుతాను" అన్నారు. దగ్గుకుంటూ రోడ్డు దాటి వెళ్ళిపోయారు.

నేను వెళ్ళలేదు. రేపు వెళ్దాం, ఆదివారం తరవాత వెళ్దాం అనుకుంటూ నెల గడిచింది. గురువారం చిలకమ్మ వచ్చి నిలబడింది.

నేను రేకు కింద పెట్టి, చేతులు కడుక్కుని బయటికి వచ్చాను. ఆయన ఇంటి ముందు పదిహేనుమంది ఉన్నారు. అందరూ రోడ్డుకి ఇవతలే. చిలకమ్మ మొగుడి చేతిలో ఆ కర్ర ఇంకా ఉంది. సాలూరు మేనల్లుడికి ఫోను చేశారట, మధ్యాహ్నానికి గాని ఘాటెక్కి రాలేడట. అప్పటిదాకా అలా ఉంచేద్దాం అంటున్నారు ఎవరో. చిన్నదానికి నేను ఫోను చేశాను. అది ఒక్కటే అంది, ఏడుస్తూ. "నువ్వెళ్ళక్కా. నువ్వు బేగి ఎళ్ళు."

పెరటి తలుపుకు ఆయన గడియ పెట్టరు. నాకు తెలుసు. అటునుంచి వెళ్ళాను.

కుర్చీలో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. కళ్ళద్దాలు ఒడిలో. పక్కన గ్లాసులో రెండో కాఫీ, మీద తొరక కట్టి ఉంది. మొహం ప్రశాంతంగా ఉంది. నేను ఆయన కళ్ళు మూసి, ఒంటిమీద దుప్పటి సర్దాను. ఆ చెయ్యి చల్లగా ఉంది. అప్పటికి ఎండ వచ్చింది. కిటికీలో గాజు వెలుగుతోంది. ఊచల అవతల అందరి ముఖాలూ నన్నే చూస్తున్నాయి.

"ఆ మాట నాది" అన్నాను. గొంతు పెద్దగా రాలేదు. మళ్ళీ అన్నాను. "ఈ గాజుకి హాని ఉందన్న మాట నాది. కూటంలో నేనే అన్నాను. నాకేమీ తెలియక, భయంతో అన్నాను. ఆయన నన్ను వచ్చి చూడమన్నారు. నేను రాలేదు."

నేను చెయ్యి చాపి గాజు మీద పెట్టాను.

వెచ్చగా ఉంది.

ఆ క్షణం గురించి నేను అబద్ధం చెప్పను. నా ప్రాణం అరికాళ్ళలోకి జారిపోయింది. పాక మంట, చిన్నదాని కేక, కుర్చీలో మాస్టారు, అన్నీ ఒక్కసారే కళ్ళముందుకు వచ్చాయి. చెయ్యి వెనక్కి లాగేస్తే వాళ్ళు చూస్తారు. చూస్తే ఇక ఈయన్ని ఎత్తేవాళ్ళు ఉండరు. నేను లాగలేదు. మనసులో దేవుడి పేరు తలుచుకుంటూ గాజును అరచేతిలోకి తీసుకున్నాను. బరువుగా ఉంది. అప్పుడు చూశాను, కిటికీ గట్టు కూడా వెచ్చగానే ఉంది. ఊచలు కూడా. ఎండ.

తెలిసినా నమ్మకం కుదరలేదు. నీళ్ళ కుండ పక్కన తడి గచ్చు మీద నీడలో గాజును పెట్టి, నేనూ అక్కడే కూర్చున్నాను. చూడాలంటే ఆగాలి. ఆయన నేర్పింది అదే. బయట అందరూ నిలబడే ఉన్నారు. ఎంతసేపో తెలియదు. మళ్ళీ చెయ్యి పెట్టాను. పైన చూశాను. తిప్పి అడుగున కూడా చూశాను. గెడ్డ నీళ్ళలో రాయిలా ఉంది.

"చల్లారింది" అన్నాను.

చిలకమ్మ రోడ్డు దాటి కిటికీ దగ్గరికి వచ్చింది. ఊచల్లోంచి చెయ్యి పెట్టింది. "ఇలా తే అక్కా." ఇచ్చాను. అటూ ఇటూ తిప్పింది. వాసన చూసింది. "ఏటి, దీనికేనా నేను పాలచెంబు గేటు మీదెట్టింది?" అంది. వెనక్కి తిరిగి మొగుడి మీద అరిచింది. "ఆ కర్ర ఒగ్గీసి ఇటు రా! మనిషిని చేత్తో ఎత్తాల!"

అప్పుడు వచ్చారు. నలుగురు, తరవాత పదిమంది. ఆరోగ్య కేంద్రం నర్సమ్మ కూడా వచ్చి చూసి, గుండె ఆగిందని చెప్పి వెళ్ళింది. స్నానానికి నీళ్ళు నా పొయ్యి మీదే కాచాను. మధ్యాహ్నం వచ్చిన మేనల్లుడు పాడె ముందు పట్టే కుండలోకి నిప్పు కావాలన్నప్పుడు ఆ పొయ్యిలో నిప్పులే తెచ్చి ఇచ్చాను.

"మీ ఇంటి పొయ్యిలోవాండీ?" అని కొంచెం ఆగాడు. మేం చర్చికి వెళ్ళేవాళ్ళమని అతనికి తెలుసు.

"మీ మావయ్య నలభై ఏళ్ళు కాపలా కాసిన పొయ్యి బాబూ" అన్నాను. తీసుకున్నాడు.

ఆ సాయంత్రమే గెడ్డ ఒడ్డున దహనం జరిగింది. మర్నాడే అస్థికలు తీసుకుని దిగిపోతానన్నాడు మేనల్లుడు, ఉద్యోగానికి సెలవు లేదట. మూడో రోజు దాకా ఆగమన్నాను. నేను ఒకరిని ఏదైనా అడగడం అరుదు. ఆగాడు.

శనివారం పొద్దున్నకి చిన్నది వచ్చింది. ఇద్దరం కలిసి గెడ్డ దగ్గరికి నడిచాం. మంచు ఇంకా విడలేదు. సిల్వర్ ఓక్ చెట్లు సగానికి పైన కనబడటం లేదు. మేనల్లుడు కొత్త కుండ పట్టుకుని కాస్త దూరంలో నిలబడి టైము చూసుకుంటున్నాడు.

"మళ్ళీ ఎప్పుడే డ్యూటీ?" అన్నాను.

"సోమారం అక్కా."

ఇక అడగలేదు. ఇరవై ఏళ్ళుగా ఉన్న భయం అలాగే ఉంది. ఒక గాజు చల్లారితే అన్నీ చల్లారినట్టు కాదు. ఆ మూర మందం కిటికీ వెనక ఏముందో నేను చెయ్యి పెట్టి చూడలేను. చూసేది అదే, నా చిన్నది. అది భయపడుతూనే ఉండాలని ఇప్పుడు నా ప్రార్థనలో ఒక మాట చేర్చాను.

నేను ఒంగి బూడిద మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. వేళ్ళు లోపలికి పోనిచ్చాను, ఆయన చెప్పినట్టు, అడుగుదాకా.

చిన్నది నా మొహమే చూస్తోంది. "ఏటక్కా?"

"అడుగున ఇంకా వెచ్చగా ఉందే. ఆగాలి."

పక్కనే ఉన్న బండ మీద కూర్చున్నాం. చిన్నది చెప్పులు విడిచి, కాళ్ళు ముందుకు చాపింది. కుడి పాదం మీద మచ్చ చలికి తెల్లబడి ఉంది. చూడకుండానే నా చెయ్యి దాని మీదికి వెళ్ళింది. మాస్టారి బూడిద అయిదు వేళ్ళుగా ఆ పాదం మీద అంటుకుంది. అది తుడుచుకోలేదు. నేనూ తుడవలేదు. మంచు విడేదాకా అలాగే కూర్చున్నాం.